కడుపులోని మంద: ఒక ముందుమాట

ఆవు వేస్తే పేడ, గొర్రె వేస్తే పెంటిక, గుర్రం వేస్తే లద్ది, పక్షి వేస్తే రెట్ట. ఒక్కొక్క జీవి విడిచినదానికి ఒక్కొక్క పేరు పెట్టుకున్న భాష మనది. పొద్దున్నే కొట్టం ఊడ్చినవాళ్లు, ఎరువు కోసం చేలో గొర్రెల మంద పెట్టించుకున్నవాళ్లు, పిడకలతో పొయ్యి వెలిగించినవాళ్లు పెట్టిన పేర్లివి. వాళ్లకు అది పొలానికి బలం, పొయ్యికి మంట, పశువు ఆరోగ్యానికి గుర్తు. ఈ పుస్తకం చదువుతున్నంతసేపూ నాకు వాళ్లే గుర్తొచ్చారు. అడవి జంతువు విడిచిన పిడికెడు పెంటలోంచి ఆ జంతువు ఏది, అది ఏం తిన్నది, దాని కడుపులో ఏ సూక్ష్మజీవులు కాపురం ఉంటున్నాయి అని డీఎన్‌ఏ చదివి చెప్పే శాస్త్రం ఇందులోని విషయం. దాని మీద తెలుగులో ఇంత వివరమైన పుస్తకం నా కంట ఇంతకుముందు పడలేదు.

ఈ రచయిత్రి కర్ణాటకలోని మా రాయచూరు జిల్లా, సింధనూరు వైపు క్యాంపు పిల్ల. తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్లు వచ్చాక ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చిన రైతులు వేసుకున్న ఊళ్లను ఇక్కడ ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. వాళ్ల తాతగారి గేదెలకు మందు పోయడానికి నేను ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా ఈ పిల్ల పక్కనే నిలబడి ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేది. "డాక్టరు తాతయ్యా, గడ్డి తింటే పాలెలా వస్తాయి?" అన్నది మొదటి ప్రశ్న. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ప్రయోగశాలలో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య పెరిగి, నాయనమ్మ దగ్గర కూడబలుక్కుంటూ నేర్చుకున్న తెలుగు అక్షరాలతో ఇప్పుడు 300 పేజీల పుస్తకం రాసింది. రాతప్రతి తెచ్చి నా చేతిలో పెట్టి, "ముందుమాట మీరే రాయాలి తాతయ్యా" అంది. 34 ఏళ్లు ఈ జిల్లాలో పశువైద్యం చేసినవాణ్ని. ఆ మొదటి ప్రశ్నకు అప్పుడు సగం జవాబే చెప్పాను. కాబట్టి ఈ ముందుమాట నేను తీర్చుకోవలసిన బాకీ.

ఆ సగం జవాబు ఏమిటో చెబుతాను. కళ్లాల రోజుల్లో కట్టు తెంచుకున్న ఎద్దు జొన్న రాశి మీద పడి మేసేస్తుంది. మర్నాటికి కడుపు పులిసి, నెమరు ఆగిపోయి, కూలబడుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి ఎద్దు నా దగ్గరికి వస్తే, మా గురువుగారు నేర్పిన ఉపాయం చేశాను. కబేళాలో అప్పుడే కోసిన ఆరోగ్యమైన పశువు పెద్దపొట్టలోని రసం తెచ్చి, గుడ్డలో వడకట్టి, గోరువెచ్చగా ఉండగానే గొట్టంతో ఈ ఎద్దు కడుపులోకి పోశాను. మర్నాడు సాయంత్రానికి దానికి నెమరు పట్టింది. ఆ రైతు నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. మిగిలిన రసం చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, తిరునాళ్లలో జనంలా కదులుతున్నాయి జీవులు. మిల్లీలీటరు రసంలో బాక్టీరియాలే దాదాపు వెయ్యి కోట్ల దాకా ఉంటాయి. గడ్డిలోని పీచును అరిగించే శక్తి ఎద్దుకు స్వతహాగా లేదు. ఆ పని ఈ జీవులు చేస్తాయి. పీచును పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి, ఆ ఆమ్లాలే ఎద్దుకు బలం. చివరికి ఆ జీవులే తర్వాతి పొట్టల్లోకి జారి, అరిగి, దానికి మాంసకృత్తులవుతాయి. ఎద్దును మేపడమంటే దాని కడుపులోని మందను మేపడమే. ఇంతవరకు నాకు తెలుసు. ఆ మందలో ఎవరెవరున్నారో, ఎవరు ఏ పని చేస్తున్నారో మా తరానికి తెలిసింది కొంచెమే. మిగతా సగం జవాబు ఈ పుస్తకంలో ఉంది.

మా తరానికి తెలియకపోవడానికి కారణం ఉంది. ఒక సూక్ష్మజీవిని చదవాలంటే ముందు దాన్ని గాజుపళ్లెంలో పెంచాలి. కడుపులో బతికే జీవుల్లో చాలావాటికి గాలి తగిలితేనే చావు. పెంచడానికి లొంగినవాటినే మేం చూశాం. లొంగనివి మా పుస్తకాల్లోకి రానేలేదు. 1977లో అమెరికాలో కార్ల్ వోస్ అనే శాస్త్రవేత్త చూపిన దారి ఈ కట్టు తెంచింది. ప్రతి బాక్టీరియాలోనూ 16ఎస్ అనే ఒక జన్యువు ఉంటుంది, సుమారు 1,500 అక్షరాల పొడవు. అందులో కొన్ని భాగాలు అన్ని బాక్టీరియాల్లోనూ దాదాపు ఒక్కలాగే ఉంటాయి. వాటి మధ్య ఉన్న భాగాలు జాతిజాతికీ మారతాయి. రచయిత్రి దీన్ని ఇంటిపేరుతో పోల్చింది. పెళ్లి పందిట్లో ముక్కూమొహం తెలియనివాళ్లు కనిపించినా ఇంటిపేరు అడిగితే ఎవరి తాలూకో తెలిసిపోతుంది కదా, ఇదీ అంతే. పెంచక్కర్లేదు, ఇంటిపేరు చదివితే చాలు. ఈ పోలిక ఒక్కటి చాలు, ఈ అమ్మాయి తెలుగులోనే ఆలోచించి రాసిందని చెప్పడానికి.

క్షేత్రంలో పని ఎలా సాగుతుందో చెప్పే అధ్యాయం ఈ పుస్తకానికి ఆయువుపట్టు. తెల్లవారకముందే బయల్దేరాలి. మా రాయచూరు ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో పెంటికలోని డీఎన్‌ఏ చూస్తుండగానే చితికిపోతుంది. తాజాదాన్నే ఏరాలి. నేలకు ఆనిన పక్క వదిలేసి, లోపలి భాగాన్ని శుభ్రమైన పుల్లతో తీసి, ఆల్కహాలు పోసిన సీసాలో వేసి, మంచుపెట్టెలో పెట్టాలి. ప్రయోగశాలలో ఆ ముద్దను సన్నని పూసలతో కలిపి గట్టిగా కుదిపితే కణాల గోడలు పగిలి డీఎన్‌ఏ బయటపడుతుంది. కావలసిన జన్యు భాగాన్ని పీసీఆర్ పద్ధతిలో లక్షల రెట్లు పెంచి, యంత్రంలో అక్షరాలుగా చదివించి, తెలిసిన జాతుల పట్టికతో పోల్చి చూస్తారు. అదే ముద్దలో జంతువు పేగుల నుంచి రాలిన కణాలుంటాయి, అవి జంతువు ఎవరో చెబుతాయి. అది తిన్న మొక్కల డీఎన్‌ఏ ముక్కలుంటాయి, అవి మేత ఏమిటో చెబుతాయి. అటవీశాఖ అనుమతి లేకుండా అభయారణ్యంలో పుల్ల కూడా ముట్టుకోకూడదన్న మాటను కూడా ఈ అధ్యాయం మరవలేదు.

ఇలా చదివితే ఏం తెలిసింది? 2008లో రూత్ లే, ఆమె సహచరులు 60 జాతుల క్షీరదాల పెంటలను పరీక్షించి ప్రచురించిన పరిశోధన గురించి రచయిత్రి శ్రద్ధగా వివరించింది. ఆకులలములు తినేవాటి కడుపులో సూక్ష్మజీవుల రకాలు ఎక్కువ, మాంసం తినేవాటిలో తక్కువ, రెండూ తినేవి మధ్యలో ఉన్నాయి. తిండితో పాటు వంశం కూడా లెక్కలోకి వస్తుంది. పాండా పొద్దస్తమానం వెదురే నములుతున్నా, దాని కడుపులోని మంద మాత్రం ఎలుగుబంట్ల మందనే పోలి ఉంది. 2014లో మరో పరిశోధన చీమలు, చెదలు తినే జంతువులను చూసింది. ఒకదానికొకటి చుట్టరికం లేని జంతువులైనా, ఒకే తిండికి అలవాటు పడేసరికి వాటి కడుపులోని మందలు దగ్గరగా వచ్చాయని తేల్చింది. మన ఎలుగు కూడా చెదపుట్టలు తవ్వుకు తినేదే. 1994లో ఎలుగుల కోసం ఏర్పడిన దరోజి అభయారణ్యం మాకు పొరుగునే ఉంది. అక్కడి ఎలుగు కడుపు వంశాన్ని పోలుతుందా, చెదపురుగును పోలుతుందా అని ఈ పుస్తకం అడిగిన ప్రశ్న రేపటి విద్యార్థికి మంచి పని అవుతుంది.

తెలుగు పాఠకుడికి ఈ విద్య దూరదేశపు వింతగా కనిపించకుండా, హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) కథను రచయిత్రి పుస్తకం మధ్యలో నిలిపింది. అది సరైన చోటు. పుష్పమిత్ర భార్గవ తొలి సంచాలకుడిగా 1977లో మొదలైన ఆ సంస్థలో డాక్టర్ లాల్జీ సింగ్ డీఎన్‌ఏ మీద పనిచేశారు. కట్లపాము జాతికి చెందిన బంగారు కట్లపాములో ఆయన అక్కడ చేరకముందే గుర్తించిన డీఎన్‌ఏ వరసే తర్వాత మన దేశంలో డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతికి దారి తీసింది. అంతరించిపోతున్న జీవుల కోసం ఒక ప్రత్యేక ప్రయోగశాల ఉండాలని 1998లో ఆయన తలపెట్టిన పని, అత్తాపూర్‌లో లాకోన్స్‌గా రూపు కట్టి 2007లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం చేతుల మీదుగా దేశానికి అంకితమైంది. అంతకుముందే, 2006లో, కృత్రిమ గర్భధారణతో ఒక చుక్కల జింక పిల్ల ఆ పని ఫలితంగా పుట్టింది. 2003లో సునీల్ కుమార్ వర్మతో కలిసి లాల్జీ సింగ్ ప్రచురించిన పద్ధతి మరీ ఉపయోగపడింది. మాంసం ముక్క, వెంట్రుక, నెత్తుటి మరక ఏది దొరికినా ఒకే జత ప్రైమర్లతో (చదవాల్సిన చోటును పట్టిచ్చే చిన్న డీఎన్‌ఏ ముక్కలతో) మైటోకాండ్రియా డీఎన్‌ఏలోని చిన్న భాగాన్ని చదివి అది ఏ జంతువుదో చెప్పవచ్చు. వేటగాడి సంచిలోది మేక మాంసమా, కృష్ణజింక మాంసమా అన్న వాదనకు అక్కడితో తెర పడింది. పొద్దున్నే రాయచూరులో బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే ఊళ్లో ఇంత పని జరిగిందని మా పిల్లల్లో ఎందరికి తెలుసు?

జంతువును ముట్టుకోకుండానే దాని సంగతి తెలుసుకోవచ్చునన్నది ఈ శాస్త్రంలో నా మనసును పట్టిన గుణం. ఎందుకో చెబుతాను. చాలా ఏళ్ల కిందట, ఊరకుక్కలు తరిమిన ఒక కృష్ణజింకను రైతులు దుప్పటిలో చుట్టి నా ఆసుపత్రికి తెచ్చారు. కాలి మీద చిన్న గాయమే. కుట్లు వేసి, బతుకుతుందని ధైర్యం చెప్పాను. గంట గడవకముందే నా చేతుల్లో ప్రాణం విడిచింది. గాయం చంపలేదు, భయం చంపింది. పట్టుబడిన అడవి జంతువుల కండరాలు, గుండె ఆ బెదురుకే దెబ్బతింటాయని వైద్యశాస్త్రం చెబుతుంది. దాని కళ్లు నేనింకా మరవలేదు. అందుకే, బండీపూర్ అడవిలో పులుల పెంట సేకరించి డీఎన్‌ఏతో పులినీ పులినీ విడదీసి లెక్కపెట్టవచ్చని 2009లో చూపిన పని గురించి చదివినప్పుడు, కన్హా, బాంధవ్‌గఢ్ పులుల పెంటలో ఒత్తిడి హార్మోన్ల జాడలు కొలిచి పర్యాటకుల రద్దీ కాలంలో అవి పెరుగుతున్నాయని 2019లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు తేల్చిన సంగతి చదివినప్పుడు, నా మనసుకు ఊరట కలిగింది. పులికి మత్తు సూది తగలలేదు, వల పడలేదు. దాని దారిన అది పోయింది, దాని సంగతి మనకు తెలిసింది.

ఇక ఒక బరువైన మాట. రాబందుల అధ్యాయం చదువుతూ నేను రెండుసార్లు పుస్తకం మూసేశాను. కుళ్లిన కళేబరం తిన్నా రాబందుకు ఏమీ కాదెందుకని 2014లో అమెరికా రాబందుల మీద పరిశోధన చేశారు. వాటి ముఖం మీద సగటున 528 రకాల సూక్ష్మజీవుల జాడలుంటే, పేగు చివరకు చేరేసరికి మిగిలినవి 76 రకాలే. కడుపులోని గాఢమైన ఆమ్లం తక్కినవాటిని చంపేస్తుంది. మిగిలినవాటిలో ఎక్కువ భాగం మనలాంటివాళ్లకు విషం పుట్టించే రకాలు, వాటితోనే రాబందు సహవాసం చేస్తుంది. మన దగ్గర, ఊరి చివర పడేసిన పశువును గంటల్లో ఎముకల గూడుగా మార్చి, రోగాలు పాకకుండా ఊరిని కాపాడిన పక్షి అది. క్రిములకు చెక్కుచెదరని ఆ పక్షిని మా మందు చంపింది. నొప్పికి, జ్వరానికి పశువులకు వేసే డైక్లోఫెనాక్ కళేబరంలో మిగిలి రాబందు మూత్రపిండాలను పాడుచేస్తుందని 2004లో లోకానికి తెలిసింది. పశువులకు ఆ మందును మన దేశం 2006లో నిషేధించింది. అప్పటికే కోట్ల పక్షులు పోయాయి. ఆ సూది నేనూ వేశాను, మంచిదని నమ్మి వందలసార్లు వేశాను. నా చిన్నప్పుడు ఆకాశంలో గుంపులుగా తిరిగిన రాబందులు ఇప్పుడు మా మనవలకు బొమ్మల్లోనే తెలుసు. తెలియక చేసిన తప్పే అయినా, తప్పు తప్పే. పశువుకు వేసే ప్రతి మందూ దాని చర్మం దగ్గర ఆగిపోదని, పేడలోకి, నేలలోకి, ఇంకొక జీవి కడుపులోకి నడిచి వెళుతుందని ఇప్పటి పశువైద్య విద్యార్థులు ఈ అధ్యాయం చదివి తెలుసుకోవాలి.

యాంటీబయాటిక్‌ల విషయమూ ఇలాంటిదే. మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు నేతృత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాలల నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది, ఎన్నో ప్రాణాలు నిలిపింది. అలాంటి మహత్తరమైన మందును కూడా రోగం లేని కోళ్లకు, పశువులకు బరువు పెరగడం కోసం మేతలో కలిపి వాడారు. నెమరువేసే పశువుకు నోటి ద్వారా యాంటీబయాటిక్ ఇస్తే రోగక్రిమితో పాటు కడుపులోని మంద కూడా దెబ్బతింటుంది. మందును తప్పుపట్టలేం, వాడిన చేతిదే తప్పు. ఊరి పశువూ అడవి జింకా ఒకే బీడులో మేసి, ఒకే కుంటలో నీళ్లు తాగే మా ప్రాంతంలో ఈ మాట మరీ ముఖ్యం.

రచయిత్రిలో నేను మెచ్చుకున్న మరొక గుణం నిజాయితీ. ఈ శాస్త్రం ఎక్కడ తడబడుతుందో దాచలేదు. చచ్చిన బాక్టీరియా డీఎన్‌ఏ కూడా యంత్రానికి బతికినదానిలాగే కనిపిస్తుంది. సేకరించేవాళ్ల చేతి నుంచి, నేల నుంచి, చివరికి రసాయనాల సీసా నుంచి కూడా వేరే డీఎన్‌ఏ కలిసిపోవచ్చు. జబ్బుపడిన జంతువు కడుపులో ఒక సూక్ష్మజీవి తగ్గిందంటే, అది తగ్గడం వల్ల జబ్బు వచ్చిందో, జబ్బు వల్ల అది తగ్గిందో ఆ లెక్క ఒక్కటే చెప్పలేదు. ఈ మూడు హెచ్చరికలూ స్పష్టంగా రాసింది. పేగు సూక్ష్మజీవుల పేరు చెప్పి అన్ని రోగాలకూ పొడులు, గుళికలు అమ్ముతున్న ఈ రోజుల్లో, తెలిసింది ఇంత, తెలియంది ఇంత అని గీత గీసి చూపించడం పెద్ద సేవ. రెండో ముద్రణలో ఒక పని చేయమని మాత్రం పెద్దవాడిగా కోరుతున్నాను. తోడేలు జాడలు, జింకల మేత గురించి మా గొర్రెల కాపరులకు తెలిసినది ఏ ప్రయోగశాలకూ తెలియదు. వాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల మాటల్లోనే ఒక అధ్యాయం రాయాలి.

ఎందుకంటే మాది ఆ జీవులతో ఎప్పటినుంచో కలిసి బతికిన నేల. కృష్ణలో మొసళ్లున్నాయి. తుంగభద్రలో నీటికుక్కల కోసం 2015లో ప్రత్యేకంగా రక్షిత ప్రాంతం ఏర్పడింది. 1997 దాకా మా జిల్లాలోదే అయిన కొప్పళ వైపు, గంగావతి దగ్గరి బంకాపురలో, తోడేళ్లకే ఒక అభయారణ్యం ఉంది. కృష్ణ దాటితే నారాయణపేట జిల్లా కృష్ణా, మాగనూరు మండలాల్లో కృష్ణజింకల మందలు చేలలో పడి పైరు మేస్తున్నాయని రైతులు మొరపెట్టుకుంటున్నారు. వాళ్ల నష్టం నిజం, దాన్ని తీర్చాలి. వాటిని పట్టి ఎక్కడికో తరలించడం ఒక్కటే మార్గమని అనుకునేముందు, ఆ జింకల పెంటికల్లో ఏముందో చదవాలి. ఏ పైరు ఎంత తింటున్నాయి, ఏ నెలలో బీడు గడ్డి దొరక్క చేలలోకి దిగుతున్నాయి, కొత్త చోట కొత్త మేతను అరిగించే మంద వాటి కడుపులో ఉందా అన్నవి తెలిస్తే రైతుకూ జింకకూ మేలు. జింకను కాపాడటమంటే దాని కడుపులోని మందకు మేత దొరికే బీడును కాపాడటమే.

పేడలోంచి చరిత్ర చదవడం రాయచూరుకు కొత్త కాదని చెప్పి ముగిస్తాను. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మా దోఆబ్‌లో, చుట్టుపక్కల బూడిద దిబ్బలు చాలా ఉన్నాయి. హంపీ దగ్గర నింబాపురంలోని దిబ్బను వాలిని దహనం చేసిన చోటని జనం చెప్పుకుంటారు. పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్. ఆర్. ఆల్చిన్ 1952లో మా లింగసుగూరు తాలూకా పిక్లిహాళ్‌లో తవ్వాడు, 1957లో పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో తవ్వాడు. ఉట్నూరు దిబ్బ పొరల్లో పశువుల గిట్టల ముద్రలు దొరికాయి. నాలుగువేల ఏళ్లకు పైగా కిందట, ఇక్కడి పశుపాలకులు దొడ్లలో పోగైన పేడను మళ్లీ మళ్లీ కాల్చగా ఏర్పడిన దిబ్బలవి అని తేల్చాడు. అప్పటికి రాజుల కోటలు లేవు, శాసనాలు పుట్టలేదు, అప్పటి మనుషుల బతుకును పేడ బూడిద దాచిపెట్టింది. ఆ నేల మీద పుట్టిన పిల్ల ఈనాడు పెంటికలో దాగిన జీవరాశిని చదివి తెలుగులో మనకు చెబుతోంది. ఈ అమ్మాయి కలం ఇలాగే సాగాలని, ఆమె చదువు ఈ నేలకే మేలు చేయాలని మనసారా దీవిస్తున్నాను.

పాఠకులకు, ముఖ్యంగా పల్లెల్లో చదువుకుంటున్న పిల్లలకు ఒక మాట. రేపు పొలం గట్టున, బీడులో, ఏటి ఒడ్డున ఏదైనా జంతువు విడిచిన పెంట కనిపిస్తే ముక్కు మూసుకుని దాటిపోకండి. రోగాలు అంటుకునే వీలుంది కాబట్టి చేత్తో ముట్టుకోకండి. పక్కన కూర్చుని ఆకారం చూడండి, అందులో గింజలున్నాయా, వెంట్రుకలున్నాయా గమనించండి. చూసిన తేదీ, చోటు నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ తర్వాత ఈ పుస్తకం తెరవండి.

రాయచూరు
ఒక విశ్రాంత పశువైద్యుడు